తెల్లటి దారం లాంటి మలం: మందు వేసే ముందు చేప పేగులో ఏముందో తేల్చుకోవడం ఎలా?

గాజుతొట్టి_విశాఖ:

200 లీటర్ల ట్యాంకు. రాళ్లు, ఇసుక పోను నికరంగా 170 లీటర్ల నీళ్లు. ఆరు ఏంజెల్ చేపలు, ఒక్కోటి 15–20 గ్రాములు. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, పీహెచ్ 7.4, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 60 పీపీఎం. మూడు వారాల కిందట కొత్తగా రెండు చేపలు చేరాయి, క్వారంటైన్ లేకుండానే.

ఇప్పుడు పాతవాటిలో ఒకటి, కొత్తవాటిలో ఒకటి తెల్లటి దారం లాంటి మలం వేస్తున్నాయి. పాతది మేత గుళికను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది. దాని నుదుటి పైన, వీపు మీద కండ తగ్గింది. రెండింటికీ పొట్ట ఉబ్బలేదు, పొలుసులు లేవలేదు.

షాపులో ఇచ్చిన సలహా: మెట్రోనిడజోల్ 400 మాత్రలు రెండు నీళ్లలో వేసెయ్యమని. ఇంకా వేయలేదు. ఇది హెక్సామిటా అనే పేగు పరాన్నజీవేనని ఎలా తేల్చుకోవాలి? మందు నీళ్లలోనా, మేతలోనా? దగ్గర మైక్రోస్కోప్ ఉంది, 10, 40 ఆబ్జెక్టివ్‌లతో.

సూక్ష్మదర్శిని:

మందు ఆపి మంచి పని చేశారు. మలం తెల్లగా ఉన్నంత మాత్రాన పరాన్నజీవి ఉన్నట్టు కాదండీ. చేప తిన్నా తినకపోయినా పేగు లోపలి పొర జిగురు వదులుతూనే ఉంటుంది. మేత లోపలికి పోకపోతే ఆ జిగురే తాడులా పేనుకుని బయటికి వస్తుంది. రెండు రోజులు పస్తున్న ఆరోగ్యమైన చేప కూడా అలాగే వేస్తుంది. పేగులో వాపు ఉంటే ఇంకా ఎక్కువ వేస్తుంది. ఆ వాపు ఏకకణ జీవుల వల్ల రావచ్చు, పురుగుల వల్ల రావచ్చు, బ్యాక్టీరియా వల్ల రావచ్చు. అందుకే మైక్రోస్కోప్ ఉండి కూడా చూడకుండా మందు వేయడం నాకు మనసొప్పదు.

ముందు పేరు సంగతి. ఆక్వేరియం వాళ్లు అలవాటుగా హెక్సామిటా అంటారు. గ్రీకులో ఆరు పోగులు అని అర్థం. నిజానికి ఈ ఏకకణ జీవికి ఎనిమిది కశాభాలు, అంటే ఈదడానికి వాడే కొరడా లాంటి పోగులు, ఉంటాయి, ఆరు ముందుకు, రెండు వెనక్కి. ఏంజెల్, డిస్కస్ చేపల పేగుల్లో దొరికేది ఎక్కువగా స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్. ఫ్లోరిడాలో ఏంజెల్ చేపల నుంచి తీసి 1995లో దీన్ని వర్ణించారు. మామూలు మైక్రోస్కోప్‌లో ఈ రెండింటినీ విడదీయలేం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. వైద్యం ఒకటే కాబట్టి మనకు ఆ తేడాతో పని లేదు. మనుషుల్లో నీళ్ల విరేచనాలు తెచ్చే జియార్డియాకు ఇవి దగ్గరి చుట్టాలు. రెండు కేంద్రకాలు, ఆక్సిజన్ లేని చోట బతుకు, అన్నీ అదే పోలిక. మనకు వాడే మెట్రోనిడజోలే చేపకూ పనిచేయడానికి కారణం అదే.

ఇక స్లైడ్. ట్యాంకు అడుగున పడి ఉన్న మలం పనికిరాదు. గంట గడిస్తే దాంట్లోకి బయటి సీలియేట్లు (ఒంటి మీది నూగుతో ఈదే ఏకకణ జీవులు), చెత్త తినే ఇతర కశాభజీవులు చేరిపోతాయి, చూసినవాళ్లు వాటినే పరాన్నజీవులని పొరబడతారు. చేపను అదే ట్యాంకు నీళ్లున్న చిన్న డబ్బాలోకి మార్చండి. దారం రాలగానే, వీలైతే ఇంకా వేలాడుతుండగానే, డ్రాపర్‌తో పీల్చండి. స్లైడ్ మీద ట్యాంకు నీళ్లే ఒక చుక్క. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్‌కు చచ్చిపోతే కదలిక కనబడదు, మనకు గుర్తు ఆ కదలికే. గుండుసూది తలంత మలం ఆ చుక్కలో పెట్టి సూదితో చిదిపి, కవర్ స్లిప్‌ను ఒక అంచు నుంచి వాల్చండి. ముద్ద మందంగా ఉంటే వెలుతురు దూరదు. కవర్ స్లిప్ కింద అక్షరాలు చదవగలిగేంత పల్చగా ఉండాలి.

10 ఆబ్జెక్టివ్‌తో మొదలుపెట్టండి. కండెన్సర్ (స్లైడ్ కింద వెలుతురును కూర్చే కటకం) కిందికి దించి, డయాఫ్రం (వెలుతురు తగ్గించే కంత) బాగా మూసేయండి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. వెలుతురు ఎక్కువైతే రంగు లేని ఈ జీవులు కరిగిపోయినట్టు మాయమవుతాయి. మలం తునకల అంచుల్లో, జిగురు సందుల్లో వెతకండి. వేడి పెనం మీద పడ్డ నీటి బొట్టు ఎలా మెరుస్తూ జర్రున జారుతుందో, అలా మెరిసే చుక్కలు పోతుంటాయి. 40కి మార్చితే పొడవాటి బేరిపండు ఆకారం తెలుస్తుంది. పొడవు సుమారు 10 మైక్రాన్లు, చేప ఎర్ర రక్తకణమంత. తన చుట్టూ తాను తిరుగుతూ దాదాపు తిన్నగా దూసుకుపోతుంది. అన్నీ ఒకే చోట గింజుకుంటూ వణికేవే అయితే ఇది కాదేమోనని అనుమానించండి.

కనీసం 20–30 చోట్లు చూడండి, పది పదిహేను నిమిషాల్లో ముగించండి. స్లైడ్ ఆరేకొద్దీ అవి నెమ్మదిస్తాయి. రెండు చేపల మలాన్నీ విడివిడిగా చూడాలి. ఒకదాంట్లో దొరికిందని రెండోదాన్ని వదిలేయొద్దు.

లోతుకుంట_ఫ్లవర్‌హార్న్:

మైక్రోస్కోప్ లేనివాళ్ల సంగతేంటి అన్నా? పేపర్‌తో చేసిన ఫోల్డ్‌స్కోప్ పనికొస్తుందా?

సూక్ష్మదర్శిని:

కొంతవరకు పనికొస్తుంది తమ్ముడూ. అది 140 రెట్లు చూపిస్తుంది. ఆకారం తెలియదు గానీ పరుగెత్తే చుక్కలు ఉన్నాయో లేవో తెలుస్తుంది. పురుగుల గుడ్లు దాంట్లోనూ బాగానే కనిపిస్తాయి. ఫోన్ కెమెరా తగిలించి వీడియో తీసి ఇక్కడ పెడితే కదలికను బట్టి చెప్పొచ్చు. ఫొటో వద్దు. నిలిచిపోయిన బొమ్మలో ఈ జీవికీ ఒక నూనె బొట్టుకూ తేడా ఉండదు.

డిస్కస్‌వాలా:

మందు సంగతి నేను రాస్తాను. స్లైడ్‌లో కనబడ్డాకే ఇది చేయండి.

షాపు చెప్పిన లెక్క చూద్దాం. 800 మి.గ్రా., 170 లీటర్లకు. అంటే లీటరుకు 4.7 మి.గ్రా. నీళ్లలో వేసే డోసు 5 నుంచి 7 మి.గ్రా. కాబట్టి అంకె మరీ తప్పేం కాదు, కాస్త తక్కువ. ఒక్కసారి వేసి ఊరుకోమనడం తప్పు. అసలు నీళ్లలోనే వేయమనడం అంతకన్నా పెద్ద తప్పు. మంచినీటి చేప నీళ్లు తాగేది చాలా తక్కువ. దాని ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయటి నీళ్లలో తక్కువ. అందుకని నీళ్లు మొప్పల గుండా వాటంతట అవే లోపలికి వస్తుంటాయి, వచ్చినదాన్ని మూత్రంగా తోసేయడమే దాని పని. అలాంటప్పుడు ట్యాంకులో పోసిన మందు గొంతు దిగి పేగుకు చేరేది ఎంత? మొప్పల ద్వారా రక్తంలోకి కొంత పోతుంది, అందుకే ఈ పద్ధతి అసలు పనిచేయదని అనను. తినే చేపకు మాత్రం మందు మేతలోనే పెట్టాలి.

మేతలో డోసు: చేప బరువు కిలోకు రోజుకు 50 మి.గ్రా., వరసగా 5 రోజులు. మేతలో ఒక శాతం మందు కలిపితే, అంటే గ్రాము పొడి మేతకు 10 మి.గ్రా. అయితే, చేప తన బరువులో అర శాతం మేత తింటే చాలు, డోసు సరిపోతుంది. జబ్బు చేప అంతకన్నా ఎక్కువ ఎలాగూ తినదు.

మీ ఆరు ఏంజెల్స్ కలిపి సుమారు 100 గ్రాములు. రోజుకు 5 మి.గ్రా. మందు చాలు. చిన్న బ్యాచ్ చేసుకోండి:

పెల్లెట్లు మిక్సీలో పొడి చేసినవి 10 గ్రాములు
మెట్రోనిడజోల్ 100 మి.గ్రా. (400 మాత్రలో పావు)
జెలటిన్ ఒకటిన్నర గ్రాము
వేడి నీళ్లు 15 మి.లీ.

మాత్రను నున్నగా నూరి ముందు పొడి మేతలో కలపండి. ఒకేసారి గుమ్మరించకుండా చిటికెడు చిటికెడు చొప్పున కలిపితేనే అంతటా సమానంగా పడుతుంది. జెలటిన్‌ను వేడి నీళ్లలో పూర్తిగా కరిగించి, వేలు పెట్టగలిగేంత చల్లారాక మేతలో పోసి ముద్ద చేయండి. పల్చగా పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, ఏంజెల్ నోటికి పట్టేలా రెండు మిల్లీమీటర్ల ముక్కలు కోయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. 10 గ్రాముల పొడి మేత ఇప్పుడు 26 గ్రాముల పైచిలుకు జెల్ అయింది. గ్రాము జెల్‌లో ఉన్నది 10 మి.గ్రా. కాదు, సుమారు 3.7 మాత్రమే. అర గ్రాము మేత అనుకుని అర గ్రాము జెల్ వేస్తే మూడో వంతు డోసే పడినట్టు. మీకు కావలసింది రోజుకు 1.35 గ్రాముల జెల్, రెండు పూటలుగా. నగల తూకం వేసే చిన్న డిజిటల్ కాటా మీద తూచండి, కంటి అంచనా వద్దు. ఫ్లవర్‌హార్న్ వాళ్లకు: 300 గ్రాముల చేపకు రోజుకు 15 మి.గ్రా., ఈ జెల్ అయితే 4 గ్రాములు.

ఆ అయిదు రోజులూ వేరే మేత వేయొద్దు. మందు చేదు. మామూలు పెల్లెట్ కూడా పక్కన కనిపిస్తే చేప జెల్ వైపు చూడదు.

బందరు_ఫిష్‌రూమ్:

వెల్లుల్లి రసం కలిపితే చేదు తెలియదంటారు కదా. ఎప్సమ్ ఉప్పు ఎప్పుడు వేయాలి మరి?

డిస్కస్‌వాలా:

వెల్లుల్లి వాసనకు మాత్రమే, ఒకటి రెండు చుక్కలు. దాన్నే మందనుకోవద్దు. రొయ్య పొట్టు తీసి రుబ్బిన ముద్దను పెల్లెట్ పొడిలో సగం కలిపితే ఇంకా బాగా తింటాయి. అలా చేస్తే తడి బరువు మారుతుంది, జెల్‌లో మందు శాతం మళ్లీ లెక్క కట్టుకోండి.

ఎప్సమ్ ఉప్పు, అదే మన భేది ఉప్పు, పొట్ట ఉబ్బి మలం బిగిసినప్పుడు. పొడి మేతలో 3 శాతం, రెండు మూడు రోజులు. విరేచనకారిగా పేగును ఖాళీ చేయిస్తుంది, ఆ ఊపులో కొన్ని పరాన్నజీవులూ కొట్టుకుపోతాయి. ట్రౌట్ హేచరీల్లో పాత రోజుల నుంచీ ఉన్న పద్ధతి. ఈ చేపలకు పొట్ట ఉబ్బలేదు కాబట్టి అక్కర్లేదు. వంట ఉప్పుతో దీన్ని కలగలపొద్దు. నీళ్లలో ఎంత వంట ఉప్పు వేసినా పేగులో ఉన్నదానికి ఏమీ కాదు.

ఉమ్మేస్తున్న చేప పూర్తిగా తినడం మానేస్తే అప్పుడు నీళ్ల పద్ధతి. దాన్ని 40 లీటర్ల ఖాళీ ట్యాంకులోకి మార్చండి. 400 మాత్ర ఒకటి నూరి 40 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కరిగించండి, మిల్లీలీటరుకు 10 మి.గ్రా. వస్తుంది. అంతకన్నా చిక్కగా చేయాలనుకోవద్దు, కరగదు. అందులోంచి 26 మి.లీ. పోస్తే లీటరుకు ఆరున్నర మి.గ్రా. రోజు విడిచి రోజు, మూడు సార్లు. ప్రతిసారీ ముందు మూడో వంతు నీళ్లు మార్చి, తీసినంత మేర కాకుండా మళ్లీ పూర్తి డోసే వేయండి. ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయండి, యూవీ దీపం ఆపేయండి, లైటు ఆర్పండి, వెలుతురుకు ఈ మందు విరుగుతుంది. స్పాంజ్ ఫిల్టర్ ఉండనివ్వండి. ఫిల్టర్‌లో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా ఆక్సిజన్‌తో బతికేవి, ఈ మందు గురి ఆక్సిజన్ లేని చోట బతికేవాటి మీద. మధ్యలో తిండి మీద ఆసక్తి చూపిన రోజే జెల్ మొదలుపెట్టండి.

ఫార్మా_బుజ్జి:

మాత్ర కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. మెట్రోనిడజోల్ ఒక్కటే ఉన్న మాత్ర కావాలి. విరేచనాల మాత్ర అని అడిగితే నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిసిన మాత్ర చేతిలో పెట్టే అవకాశం ఉంది. అది యాంటీబయాటిక్, నీళ్లలో పడితే ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. రెండోది, పిల్లల సిరప్‌లో ఉండేది మెట్రోనిడజోల్ బెంజోయేట్. చేదు తక్కువే. కానీ 1.6 గ్రాముల బెంజోయేట్ ఒక గ్రాము మెట్రోనిడజోల్‌కు సమానం, పైగా అది నీళ్లలో సరిగా కరగదు, చక్కెర కూడా ఉంటుంది. ట్యాంకులో పోయకండి.

ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ మీదే అమ్మాలి. పశువైద్యుడికి స్లైడ్ వీడియో చూపించి రాయించుకోండి. మాత్ర నూరేటప్పుడు గ్లౌజులు, మాస్కు వేసుకోండి, ఆ పొడి పీల్చకూడదు. వంటకు వాడే మిక్సీ జార్‌లో మందు కలిసిన మేత తిప్పొద్దు. మేత ఒక్కటే పొడి చేసి, మందు విడిగా రోట్లో నూరి కలపండి, ఆ రోలు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

బందరు_ఫిష్‌రూమ్:

ఈ మందులన్నీ లేకుండా హీటర్ 34–35కి పెంచితే పోతుందని డిస్కస్ వాళ్లు చెబుతుంటారు. ఏంజెల్స్‌కు చేయొచ్చా?

సూక్ష్మదర్శిని:

నేనైతే చేయనండి. ల్యాబ్ కల్చర్‌లో స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్ బాగా పెరిగేది 28–31 డిగ్రీల మధ్య. కాబట్టి 28 నుంచి 31కి పెంచి ఊరుకుంటే దానికి పండగే. 35కి తీసుకెళ్తే నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు 7.8 మి.గ్రా. నుంచి 7కి పడిపోతుంది, అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అసలే బక్కచిక్కిన ఏంజెల్ అది తట్టుకోదు. డిస్కస్ కొంత ఓర్చుకుంటుంది, అందుకే ఆ సలహా అక్కడ పుట్టింది. 28 దగ్గరే ఉంచి ఎయిర్ స్టోన్ ఒకటి అదనంగా పెట్టండి.

వేడి కన్నా ముందు చూడాల్సింది ఆ నైట్రేట్ 60. ఆరోగ్యమైన సిక్లిడ్ల (ఏంజెల్, డిస్కస్, ఫ్లవర్‌హార్న్‌ల కుటుంబం) పేగులో కూడా ఈ జీవులు కొద్దిగా ఉంటూనే ఉంటాయి, చేప వాటిని అదుపులో పెట్టుకుంటుంది. ప్రయాణం, కిక్కిరిసిన ట్యాంకు, కొత్త చేపల తగువు, మురికి నీళ్లు, వీటిలో ఏదో ఒకటి ఆ అదుపు తప్పిస్తుంది. రెండుగా చీలడమే వీటి సంతానోత్పత్తి కాబట్టి అదుపు తప్పాక పెరగడానికి ఎక్కువ రోజులు పట్టదు. రోజూ పావు వంతు నీళ్లు మారుస్తూ నైట్రేట్ 20 లోపుకు తేండి. అడుగున మలం రోజూ పైపుతో లాగేయండి. ఏంజెల్స్ రాలిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టి చూస్తాయి, ఒకదాని నుంచి ఒకదానికి అంటేది అలాగే. వల, పైపు వేరువేరుగా ఉంచండి. ఒకటే వల ఉంటే 4 శాతం హైపోక్లోరైట్ బ్లీచ్ లీటరు నీటికి 5 మి.లీ. కలిపి పావుగంట ముంచి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాక వాడండి.

లోతుకుంట_ఫ్లవర్‌హార్న్:

ఫ్లవర్‌హార్న్ తల మీద గుంటలు పడటం కూడా దీనివల్లేనా అన్నా? గుంట మీద మందు పూస్తే చాలంటున్నారు కొందరు.

డిస్కస్‌వాలా:

సంబంధం ఉంది, పూర్తి కారణం మాత్రం అది కాదు తమ్ముడూ. తల గుంటలున్న డిస్కస్ చేపల్లో లోపలి అవయవాల నుంచి, ఆ గుంటల నుంచి కూడా స్పైరోన్యూక్లియస్‌ను వేరు చేసినట్టు 2001లో ప్రచురితమైంది. మరోవైపు, విటమిన్లు, కాల్షియం, ఫాస్ఫరస్ తక్కువైన మేత, నాసిరకం కార్బన్ నుంచి రాలే పొడి, ఎక్కువ నైట్రేట్, వీటి వల్ల కూడా అలాంటి గుంటలే పడతాయి. పైన పూసింది పేగుదాకా పోదు. మలం చూడండి, కశాభజీవులు ఉంటే జెల్ పెట్టండి, లేకపోతే మేత, నీళ్లు సరిచేయండి. గుంట పూడటానికి వారాలు పడుతుంది. మందు పనిచేసిందా లేదా అన్నది గుంటను బట్టి కాదు, మలం స్లైడ్‌ను బట్టి తేల్చాలి.

మలావీ సిక్లిడ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటి జీర్ణాశయం గోడలో గడ్డలు కట్టించే క్రిప్టోబియా ఐయుబిలాన్స్ అనే ఇంకో కశాభజీవి ఉంది. దానికి రెండే కశాభాలు, కదలిక నెమ్మది, ఊగిసలాటగా ఉంటుంది. మెట్రోనిడజోల్ దాని మీద సరిగా పనిచేయదు. మూడు సార్లు మందు వేసినా చేపలు చిక్కిపోతూనే ఉంటే ఆ అనుమానం రావాలి. డోసు పెంచుకుంటూ పోవద్దు.

కైకలూరు_చెరువు:

చెరువుల వాళ్ల ప్రశ్న ఒకటి. బంగారు తీగ పిల్లల్లో పసుపుపచ్చ జిగురు మలం, ఎదుగుదల లేదు. గడ్డిచేప పేగులో మైక్రోస్కోప్ కింద పెద్ద పెద్ద గుండ్రటివి తిరుగుతున్నాయి. ఈ మాత్రలే మేతలో టన్నుల లెక్కన కలపమని ఒకరు చెబుతున్నారు. కలపొచ్చా?

సూక్ష్మదర్శిని:

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మనుషులు తినే చేపలో, రొయ్యలో మెట్రోనిడజోల్, డైమెట్రిడజోల్, రోనిడజోల్ లాంటి నైట్రోఇమిడజోల్ మందులు నిషిద్ధం. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిషేధిత జాబితాలోనూ ఉన్నాయి, ఆహార భద్రత నిబంధనల్లోనూ ఉన్నాయి. ఈ చర్చలో రాసిన డోసులన్నీ అద్దాల తొట్టిలో పెంచుకునే అలంకార చేపలకే. ఎవరూ దీన్ని చెరువుకు అన్వయించుకోకండి.

పైగా మీరు చెప్పిన రెండూ ఈ జబ్బు కావు. గడ్డిచేప పేగు చివరి భాగంలో పెద్దగా, ఒళ్లంతా నూగుతో తిరిగేది బాలాంటిడియం టెనోఫారింగోడొనై అనే సీలియేట్. గడ్డిచేపల్లో మామూలుగా ఉండేదే. పేగు గోడ బాగున్నంతవరకు దానికి వైద్యం అక్కర్లేదు. చేప చిక్కిపోతుంటే కారణం ఇంకోచోట వెతకండి.

బంగారు తీగ పిల్లల్లో పసుపుపచ్చ జిగురు అంటే గౌసియా కార్పెల్లీ అనే కాక్సిడియాను (ఇదీ ఏకకణ పరాన్నజీవే) అనుమానించాలి. ఇది పరుగెత్తదు. ఆ జిగురును 40 ఆబ్జెక్టివ్‌లో చూస్తే పల్చటి పొర ఉన్న గుండ్రటి ఊసిస్ట్‌లు (దాని గుడ్డు లాంటి దశ), ఒక్కోదానిలో నాలుగు చిన్న సంచులు, ఒక్కో సంచిలో రెండు బీజాలు కనిపిస్తాయి. తెల్ల రక్తకణాలు, పసుపుపచ్చ ముద్దల్లాంటి శిథిల కణాలు చుట్టూ ఉంటాయి. ఇది పేగు గోడ కణాల లోపల పెరుగుతుంది కాబట్టి గోడ పొర ఊడొస్తుంది, ఆ జిగురు అదే. వేలెడంత పిల్లలకే ప్రమాదం, పెద్ద చేపలు మోసుకు తిరుగుతాయి. నీళ్ల ద్వారా నేరుగా అంటుతుంది, బురదలోని ట్యూబిఫెక్స్ పురుగుల ద్వారా కూడా అంటుతుంది. అందుకే మందుకన్నా చెరువు అడుగు ముఖ్యం. పట్టుబడి అయ్యాక నీళ్లు తీసి నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టాలి, తడి గుంటల్లో సున్నం చల్లాలి, నర్సరీలో పెద్ద బంగారు తీగలను కలపకూడదు. బతికున్న నాలుగైదు పిల్లలను ఆక్సిజన్ సంచిలో పెట్టి, ఉండి ఊళ్లోని చేపల పరిశోధన కేంద్రానికో, ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీకో తీసుకెళ్లి చూపించండి. ఐసులో పెట్టిన చేప ఈ పరీక్షకు పనికిరాదు. చచ్చిన కాసేపటికే పేగు పొర కుళ్లిపోతుంది.

కైకలూరు_చెరువు:

అర్థమైంది సార్. రొయ్యల్లో ఈహెచ్‌పీ వల్ల వచ్చే తెల్ల మలం కూడా ఈ కోవదేనా?

సూక్ష్మదర్శిని:

కాదండీ. ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా జాతి, పుట్టగొడుగుల వైపు చుట్టరికం, రొయ్య హెపటోపాంక్రియాస్ (కాలేయం లాంటి జీర్ణగ్రంథి) కణాల్లో ఉంటుంది. పీసీఆర్ అనే జన్యు పరీక్షతో తేల్చాలి. ఈ మందులేవీ దాని మీద పనిచేయవు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అందులో మాట్లాడదాం.

గాజుతొట్టి_విశాఖ:

రెండు చేపల మలం విడివిడిగా చూశాను. వీడియోలు పెట్టాను.

పాత చేప: 10 ఆబ్జెక్టివ్‌లో వెలుతురు తగ్గించగానే చుక్కలు కనిపించాయి. 40లో ఒక్కో చోట ఎనిమిది, పది. పొడవుగా ఉన్నాయి, తిన్నగా దూసుకుపోతున్నాయి. కొన్ని జిగురు ముద్దకు తగులుకుని అక్కడే గిలగిల్లాడుతున్నాయి.

కొత్త చేప: 30 చోట్లు చూసినా పరుగెత్తేవి లేవు. కానీ నిమ్మకాయ పొడవుగా సాగినట్టు, లేత గోధుమ రంగులో, రెండు కొసల్లోనూ బిరడా పెట్టినట్టున్నవి ఆరేడు కనిపించాయి. కదలవు.

సూక్ష్మదర్శిని:

వీడియో రెండూ స్పష్టంగా ఉన్నాయి, ధన్యవాదాలు. పాత చేపది స్పైరోన్యూక్లియస్ తీరే. జిగురుకు తగులుకున్నవాటిని 12వ సెకను దగ్గర ఆపి చూడండి. ఒళ్లు నిలిచిపోయి, వెనక రెండు కశాభాలు కొరడాల్లా ఆడటం కనిపిస్తుంది.

కొత్త చేపది ఏకకణ జీవి కాదు. రెండు కొసల బిరడాలున్నవి కాపిల్లేరియా అనే దారం లాంటి సన్నటి పురుగు గుడ్లు. మలం రెండింటిదీ ఒకటే తెలుపు, లోపలున్నవి వేరు. షాపు చెప్పిన మాత్రలతో ఈ రెండో చేపకు ఏమీ జరిగేది కాదు.

డిస్కస్‌వాలా:

ఆరు చేపలూ మూడు వారాలుగా ఒకే నీళ్లలో ఉన్నాయి, కాబట్టి ఆరింటికీ రెండు వైద్యాలూ. ముందు కశాభజీవులు, అవే చేపను త్వరగా పడగొట్టేవి. మెట్రోనిడజోల్ జెల్ అయిదు రోజులు. తర్వాత రెండు రోజులు మామూలు మేత, కొద్దిగా. ఆ తర్వాత పురుగులకు ఫెన్‌బెండజోల్, పొడి మేతలో పావు శాతం, అంటే గ్రాముకు 2.5 మి.గ్రా., మూడు రోజులు. 150 మి.గ్రా. మాత్ర ఒకటి 60 గ్రాముల పొడి మేతకు సరిపోతుంది, మీకు 10 గ్రాములకు మాత్రలో ఆరో వంతు. అదే జెలటిన్ పద్ధతి. గుడ్ల మీద మందు పనిచేయదు, అవి పొదిగి పురుగులయ్యాక పట్టుకోవాలి. కాబట్టి మూడు వారాలకు మళ్లీ మూడు రోజులు. ట్యాంకులో నత్తలు, రొయ్యలు ఉంటే ముందే తీసేయండి, ఈ మందుకు కొన్ని నత్తలు చస్తాయి.

రెండు మందులూ ఒకే జెల్‌లో కలిపేద్దామని అనిపిస్తుంది. చేదు పెరిగి చేప అసలు ముట్టకపోతే రెండూ పోతాయి.

గాజుతొట్టి_విశాఖ:

జెల్ పెట్టాక మళ్లీ ఎప్పుడు చూడాలి? తెల్ల మలం ఆగితే చాలదా? మిగిలిన జెల్ ఎన్నాళ్లు ఉంటుంది?

సూక్ష్మదర్శిని:

చాలదు. మూడో రోజుకే మలం మేత రంగులోకి తిరగొచ్చు, అక్కడ ఆపేస్తే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. అయిదు రోజులూ పూర్తి చేయండి. చివరి డోసు అయిన రెండో రోజు ఒక స్లైడ్, పదో రోజు ఒకటి, మూడో వారంలో ఒకటి. ఇవి రోజూ ఒకే తీరుగా మలంలో పడవు, ఒక ఖాళీ స్లైడ్‌ను నమ్మొద్దు. 40 ఆబ్జెక్టివ్‌లో పది చోట్ల లెక్కపెట్టి అంకె రాసుకోండి, అప్పుడే ముందుకూ తర్వాతకూ పోలిక ఉంటుంది. పది చోట్లకు ఒకటో రెండో కనిపించి, చేప బాగా తింటూ కండ పడుతుంటే వదిలేయండి, రెండో విడత అక్కర్లేదు. ఎనభై నుంచి నలభైకి మాత్రమే తగ్గితే డోసు లోపలికి పోలేదని అర్థం. ఉమ్మేసిన ముక్కలు తూచి చూడండి, జెల్ మళ్లీ కొత్తగా చేసి ఇంకో అయిదు రోజులు పెట్టండి.

ఇకముందు కొత్త చేపకు నాలుగు వారాలు వేరే ట్యాంకు. ఆ నాలుగు వారాల్లో మూడు మలం స్లైడ్లు. బతికున్న ట్యూబిఫెక్స్ మానేసి ఫ్రోజెన్ మేతకు మారండి.

ఫార్మా_బుజ్జి:

జెల్ నిల్వ సంగతి నేను చెబుతాను. ఒక్కో పూటది విడిగా తూచి, చిన్న జిప్ కవర్లలో పెట్టి, నల్ల కాగితంలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో. ఫ్రిజ్ కింది అరలో అయితే జెలటిన్ నీరు వదలొచ్చు, ఆ నీళ్లతో మందూ పోతుంది. కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు. కవర్ మీద మందు పేరు, తేదీ, గ్రాము జెల్‌కు 3.7 మి.గ్రా. అని రాయండి, ఇంట్లో పిల్లలకు అందకుండా పెట్టండి. అయిదు రోజుల తర్వాత మిగిలింది సింకులోనో కాలవలోనో పారేయకుండా కవర్‌లో కట్టి చెత్తలో వేయండి. ముక్క వేశాక పావుగంటలో తినకపోతే పైపుతో లాగేసి, తడి తుడిచి తూచండి. ఆ పూట ఎంత మందు లోపలికి పోయిందో అప్పుడే తెలుస్తుంది.